ఇనని మాట

"వదినే, ఫోన్ మంచిగైంది. కొత్తదాని లెక్క చేసిచ్చిండు" అనుకుంట హనుమంతు వాకిట్ల బండి ఆపిండు.

సుల్తానాబాద్ పోయొచ్చిన మరిది మాట చెవిల పడంగనే వినోద కత్తెర, తునికాకు చాటల్నే ఇడిసిపెట్టి లేచింది. చేతికంటిన తంబాకు కొంగుకు తుడుసుకొని, గుంజుకున్నట్టే ఫోన్ తీసుకున్నది. తెరిచి చూసింది. ఇటు జరిపింది, అటు జరిపింది.

అలికి ముగ్గేసిన వాకిలి లెక్క తళతళ మెరుస్తున్నది ఫోన్. అండ్ల ఏం లేదు.

"హనుమంతూ, మీ అన్న ఫోటోలు ఏవి?"

"పోయినట్టున్నయి వదినే. నా ఫోన్ల గూడ ఉన్నయి, పంపిస్త తీయ్."

"ఆయన మాటలు?"

"ఏం మాటలు?"

"వాట్సాప్ల మాట్లాడి పంపినయి. ఆయన గొంతు, హనుమంతూ. అవి ఏవి?"

హనుమంతు బండి తాళం జేబుల పెట్టుకోబోయి అట్లనే నిలవడ్డడు. "మన వాట్సాప్‌ను గా దొంగోడు ఎత్కపోయిండు గద. ఫోన్ల ఇంకేమన్న పెట్టి పోయిండేమో అని దుకాణపాయన మొత్తం ఫార్మాట్ కొట్టిండు. మంచికే చేసిండు వదినే."

"నన్నడిగినవా? కొట్టేముందు ఒక్క మాట నన్నడిగినవా?"

"అడిగేదేమున్నది? బాగుచేయిచ్చుకరమ్మన్నది నువ్వే గద!"

నిజమే, పంపింది తనే. కని ఏం లాభం? దొంగోడు ఎత్కపోయింది ఒట్టి తలుపు తాళమే. లోపటి సొమ్ము, ఆయన మాటలు, ఫోన్ల లోపట్నే ఉండె. పోలీస్ స్టేషన్ల దరఖాస్తు ఇచ్చినప్పుడు గూడ జర ఓపిక పట్టున్రి, మీ అకౌంట్ మీకు వాపసొస్తది అనే చెప్పిండ్రు. ఓపిక పట్టకుండ, ఉన్న సొమ్మును ఇంటోళ్లే పొయ్యిల పెట్టుకున్నట్టయింది.

వినోద అర్రలకే తిరిగొచ్చి గోడకు ఒరిగి కింద కూలవడ్డది. హనుమంతు ఎనుకనే వచ్చిండు. ఏడుపు గూడ రాలే.

"ఒకటుండె హనుమంతూ" అన్నది. "ఆఖరిది. నేను ఇనలే."

"ఇనలేదా?"

"ఇనలే."

మస్కట్ల క్యాంపు రూముల, నిద్రల్నే పానం ఇడిసిండు మొగడు పరశురాములు. ఆ ముందటి దినం పొద్దుగూకే యాల్ల ఫోన్ల ఇద్దరికీ గట్టిగ లొల్లయింది. "పిల్లను తీసుకొని కరీంనగర్ల ఉంట. ఆడ బడిల ఏస్త. మీ అవ్వతోని ఒక్క పొయ్యి కాడ నాతోని కాదు. అవ్వనో నేనో నువ్వే తేల్చుకో" అని ఫోన్ పెట్టేసింది వినోద. జర సేపటికి ఆయన దగ్గర్నుంచి మాట్లాడిన మెసేజ్ వచ్చింది, శాన పొడుగుది. వినోద దాన్ని ముట్టుకోలే. ఉడకనియ్యి, రేపు ఇనొచ్చు తీయ్ అనుకున్నది.

తెల్లారి కంపెనోని ఫోనే వచ్చింది.

అప్పట్నుంచి దాని మీదికి వేలు పోలే. రోజూ తీసి చూసుడు, మళ్ల మూసుడు. అండ్ల తిట్టిండో, ఏడ్చిండో, ఏం తేల్చిండో. శవం పెట్టె వచ్చినంక ఆయన పక్కన కూసుండి ఇనాలె అనుకున్నది ఎడ్డిది. పెట్టె రాకముందే మాట పోయింది.

ఇదంతా వినోద నోరిడిసి చెప్పంగ హనుమంతు మొకం నల్లవడ్డది. కని తప్పు మీదికొస్తే మనిషి ఊకుంటడా? ఇంకోని మీదికి తోస్తడు.

"అసలు ఫోన్ల కొచ్చిన గా ఆరంకెల ఓటీపీ దొంగోనికి చెప్పిందెవ్వలు?" అన్నడు గొంతు పెంచి. "అంకెలు చెప్పకపోతే వాట్సాప్ పోవుడే ఉండకపోవు. ఫోన్ నీది. నంబర్ నీది. చెప్పింది నువ్వు గాకపోతే ఎవ్వలు?"

"నేనెందుకు చెప్త?"

"హుస్నాబాద్ నుంచి మంజులక్క ఏమన్నదో ఎర్కేనా? తమ్ముని శవాన్ని చూపెట్టి మీ వదినె అడుక్కుంటున్నదారా అన్నది. నీ ఫోటోతోని, నీ పేరుతోని చుట్టాలందరికీ మెసేజ్‌లు పోయినయి. పెట్టె తెచ్చుకోవాలె, సాయం చేయున్రి అని! నలుగురు పంపిండ్రు గూడ. రేపు వాళ్లకు మొకం ఎట్ల చూపియ్యాలె నేను?"

వినోదకు సుర్రుమన్నది. "నా నంబర్ దొంగోనికి ఎట్ల దొరికింది? అది చెప్పు ముందుగాల. ఆయన పాస్‌పోర్ట్, ఆధార్, ఇంటి పేరు, రూమోని పేరు, నా ఫోటో, నా నంబర్... ఊరూరి వాట్సాప్ గ్రూపుల పెట్టింది నువ్వు గాదా? ఒక్కటన్న దాచినవా?"

"పెట్టె తొందరగ రావాలని పెట్టిన! గల్ఫ్ల ఎవ్వలు సచ్చినా గట్లనే పెడ్తరు. పెట్టకపోతే ఎవ్వలు పట్టించుకుంటరు మనల్ని?"

ఆ మాట కూడ అబద్ధం గాదు. ఈ దిక్కు ఊర్లల్ల అదొక ఆనవాయితీ అయ్యింది. దేశం కాని దేశంల మనిషి పోతే, ఇక్కడ ఏడుపు కంటే ముందు పాస్‌పోర్ట్ ఫోటో గ్రూపులకెక్కుతది. లీడర్లు చూడాలె, ఆఫీసర్లు చూడాలె, ఆడున్న మనోళ్లు చూడాలె. అందరు చూడాలంటే అందర్ల దొంగ గూడ చూస్తడు. గోసల ఉన్నోనికి అది యాదికుండదు.

ఇద్దరు ఒకల మొకం ఒకలు చూసుకోలేక అటొకలు ఇటొకలు తిరిగిండ్రు. అర్రల దారం తెంపుతున్న చప్పుడు ఒక్కటే ఇనవడ్డది.

మూలకు కూసున్న అత్త బాలలక్ష్మి బీడీ చుట్టుడు ఆపలే. లొల్లి మొదలైనకాడ్నుంచి తలకాయ ఎత్తలే. పరశురాములు పోయిండన్న కబురొచ్చినప్పుడు గూడ ఆమె ఏడ్వలే. ఊరంత ఏడుస్తుంటే, "పెట్టె రానీ, మూత తీయనీ, నా కండ్లతోని చూడనీ" అని కూసున్నది. కోడలి మెడల పుస్తె మీద చెయ్యి ఏసినోళ్లను ఇంట్లకెల్లి ఎల్లగొట్టింది. కంపెనోడు పంపిన ఫోటోల తెల్లబట్ట కప్పి ఉంటే, "కాళ్లు చూపియ్యుమను, జర కాళ్లు చూపియ్యుమను" అని ఎన్నిమాట్లు బతిమిలాడిందో. ముసలి పానం, ఏదో ఒర్లుతున్నది అనుకున్నరు అందరు.

ఇప్పుడా ముసలామె చుట్టిన బీడీని చాటల పెట్టి, "నేనే చెప్పిన" అన్నది.

"ఏంది?" అన్నడు హనుమంతు.

"గా అంకెలు. నేనే చెప్పిన."

"అవ్వా! నీకు చదువే రాదు గద!"

"అచ్చరాలు రావు. అంకెలు రావా? ఇన్నేండ్లు బీడీ కార్ఖానల కట్టలు లెక్కవెట్టిచ్చుకున్నదాన్ని."

వినోద దగ్గరికొచ్చి ముంగట కూసున్నది. "ఎప్పుడు అత్తమ్మా? నాకు చెప్పలేదేం?"

"నువ్వు తానం జేస్తున్నవ్. ఫోన్ వచ్చింది. మస్కట్ ఆఫీస్ నుంచి అన్నడు. తెలుగు మంచిగనే మాట్లాడిండు. మీ కొడుకు పేరు పరశురాములేనా, తండ్రి పేరు గిదేనా, ఊరు గిదేనా అన్ని చెప్పిండు. మనోడే అనుకున్న." బాలలక్ష్మి చాటల ఆకులు సర్దింది. "అప్పుడన్నడు, అమ్మా, ఈడ జర గడబిడ ఉన్నది. పాస్‌పోర్ట్ ఒకలది, మనిషి ఒకడు అని డౌటొస్తున్నది. పోయినాయన మీ కొడుకు గాకపోవచ్చు. ఫోన్‌కు ఆరంకెలొస్తయి, చదివి చెప్తే చూస్తం అన్నడు."



"ఇంట్ల ఎవ్వలకు చెప్పకమ్మా, తేలేదాక ఆశ పెట్టద్దు అన్నడు. ఎంత మంచోడో అనుకున్న" అన్నది బాలలక్ష్మి. "బతికుండొచ్చు అన్నడు బిడ్డా. ఆరంకెలే గద. నా పానం అడిగినా ఇస్తుంటి."

హనుమంతు గోడ దిక్కు తిరిగి పిడికిలితోని గుద్దిండు. తల్లినేమంటడు? తల్లి కడుపుల ఏలు పెట్టి కెలికినోడు ఆ దొంగోడు. దొరికితే నరికినా పాపం లేదు. దొరకడు గద!

వినోదకు అత్తను కావలిచ్చుకోవాలనిపించింది. నెత్తి కొట్టుకొని తిట్టాలనీ అనిపించింది. తిట్టే వచ్చింది. "నీ ఆశకు నా మొగని మాట పోయింది అత్తమ్మా. నీకు కొడుకు రాలే. నాకు గొంతు మిగల్లే."

బాలలక్ష్మి తల ఊపింది.  మళ్ల ఆకు తీసుకున్నది. నింపబోయిన తంబాకు ఒళ్లె రాలింది.

ఫోన్ మోగింది.

ముగ్గురు ఉలిక్కివడ్డరు. పేరు లేని నంబర్, పై దేశం నంబర్.

"ఎత్తకు!" అన్నడు హనుమంతు.

పెట్టె సంగతేమో! వినోద ఎత్తింది, స్పీకర్ పెట్టింది.

"సలామ్ భాభీ. నేను సత్తార్‌ను. పర్శన్న రూమోన్ని, ఆదిలాబాదోన్ని."

 సత్తార్! పరశురాములు రోజు చెప్పేటోడు. సత్తార్ భాయ్ జొన్నరొట్టె కొట్టిండు, సత్తార్ భాయ్ గిట్లన్నడు అని. కని ఎన్నడు మాట్లాడలే తను.

"భాభీ, మీ వాట్సాప్‌కు మెసేజ్ పెడ్తే ఉల్టా నన్నే పైసలడిగిండ్రు. డౌటొచ్చి నేరుగ చేస్తున్న. పర్శన్న పోయినంక నన్ను దూరం సైటుకు పంపిండ్రు. ఇయ్యాల్నే వాపసొచ్చిన. అన్న సామాను సర్దుతుంటే పరుపు కింద ఫోన్ దొరికింది. జర సేపైతే సామానంత ఆఫీసోళ్లు పట్కపోతరు. ఫోన్‌లు తుడిచేస్తరు వాళ్లు, నేను చూసిన. అండ్ల మీయి ఏమన్న ఉంటే ముందుగాల్నే తీసి పెడ్త. లాక్ నంబర్ ఎర్కేనా మీకు?"

ఎర్కే. పోయినసారి సెలవుకొచ్చినప్పుడు నవ్వుకుంట చెవిల చెప్పిండు. ఎవ్వలకు చెప్పకు, అవ్వకు గూడ చెప్పకు అన్నడు.

ఆయన ఫోన్! ఇక్కడ పోయిన మాట ఆడ ఉంటది. పంపినోని కాడ ఉండకుండ ఎటు పోతది? వినోద నోరు తెరిచింది.

హనుమంతు ఉరికొచ్చి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టిండు. "వదినే, పిచ్చిదానివా? మళ్ల అంకెలే అడుగుతుండు! మళ్ల తొందరే పెడుతుండు! అండ్ల బ్యాంకుదుంటది, అన్నీ ఉంటయి."

"సత్తార్ అన్నడు గద. ఆదిలాబాద్ అన్నడు గద."

"రూమోడు ఆదిలాబాద్ సత్తార్ అని గ్రూపుల రాసింది నేనే!" ఆ మాట అనేటప్పుడు హనుమంతు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "నేనే రాసిన వదినే. గా పేరు ఎవ్వడన్న చెప్తడు."

వినోద ఏమడగాలె? మామ పేరు అడిగితే గ్రూపుల ఉన్నది. పుట్టిన తారీఖు పాస్‌పోర్ట్ మీద ఉన్నది. పిల్ల పేరు, ఊరు, అక్క ఊరు, ఏ వీసా మీద పోయిండు, అన్నీ బజార్ల ఉన్నయి. మొగనిది తనొక్కతికే తెలిసిన సంగతి ఒక్కటి గూడ మిగల్లేదా అనిపించింది.

"భాభీ? టైం లేదు భాభీ. నమ్మున్రి, అల్లా కసమ్."

కసమ్ దొంగోడు గూడ తింటడు.

బాలలక్ష్మి లేచింది. చాట పక్కకు జరిపి, నడుం పట్టుకొని నడుచుకుంటొచ్చి కోడలి చేతులకెల్లి ఫోన్ తీసుకున్నది.

"బిడ్డా, నేను పర్శిగాని అవ్వను" అన్నది. "ఒక్కటి అడుగుత చెప్పు. నా కొడుకు పెయ్యి మీద, బట్టలల్ల కనవడని గుర్తు ఏమున్నది?"

వినోదకు అప్పుడు సమజైంది, ఈ ముసలామె ఇన్నిదినాలు కాళ్లు కాళ్లు అని ఎందుకు ఒర్లిందో.

అవతల చప్పుడు లేదు. హనుమంతు, చూసినవా అన్నట్టు తల ఎగరేసిండు. బాలలక్ష్మి మొకంల మటుకు, ఏదో వెలుగొచ్చింది. ఫోన్ల మాట్లాడేటోనికి తెల్వదు. తెల్వకపోతే దొంగోడే. దొంగోడే కావాలె దేవుడా. సత్తార్ గాకపోతే, ఆ బట్ట కింద మనిషి ఎవ్వలో గూడ ఎవ్వలకెర్క? ఆ ఆశ ఆమె కండ్లల్ల స్పష్టంగ కనవడ్డది వినోదకు. చూడలేక తల దించుకున్నది.

"అమ్మా" అన్నడు సత్తార్. గొంతు మారింది. "ఎడమకాలు చిటికెనేలు లేదమ్మా."

బాలలక్ష్మి కదలలే.

"చిన్నప్పుడు గడ్డపార పడ్డదట గద. మెడికల్ టెస్టుల ఫెయిల్ చేస్తరని ఎవ్వలకు చెప్పకు అని మీరు ఒట్టేయించిండ్రట. గింత ఎండల గూడ సాక్సులు ఇప్పకపోతుండె. నాకొక్కనికే చెప్పిండు." ఆగిండు. "దవాఖానల గుర్తు పట్టుమన్నరు అమ్మా. సాక్సు తీసి చూయించింది నేనే. ఈ చేతులతోనే. మాఫ్ చేయున్రి."

 వాకిట్ల ఎవలో మేకలను అదిలిస్తున్నరు.

బాలలక్ష్మి ఫోన్‌ను రెండు చేతులతోని పట్టుకొని, పసిపిల్లను అందిచ్చినట్టు కోడలి చేతుల పెట్టింది.

"చెప్పు బిడ్డా" అన్నది. "నంబర్ చెప్పు. ఈయన మనోడే."

హనుమంతు గడప మీద కూలవడి మొకం దాచుకున్నడు.

వినోద చెప్పింది. పెండ్లి తారీఖు అది.   తర్వాత, "తెరుచుకున్నది భాభీ" అన్నడు సత్తార్. "మీకు పంపింది ఉన్నది. ఆఖరిది. నేను ఇనను. గా దినం అన్న బయట మెట్ల మీద కూసుండి మాట్లాడుడు, కొట్టేసుడు, మళ్ల మాట్లాడుడు... ఏంది అన్నా, పాట రికార్డు చేస్తున్నవా అని నవ్విన నేను."

"నా ఫోన్‌కు పంపుమను" అన్నడు హనుమంతు తల ఎత్తకుండనే.

"వద్దు" అన్నది బాలలక్ష్మి. "ఎవ్వల ఫోన్‌లకు వద్దు. అందరి చేతులల్ల పడ్డయి చాలు." కోడలి దిక్కు తిరిగింది. "గా స్పీకర్ బంద్ చేసుకో బిడ్డా. నీ మొగడు నీతోని చెప్పుకున్న మాట అది. మేం ఇనద్దు."

ఆమెకు ఎర్కే. ఆ లొల్లి దేని గురించో, ఎవ్వల గురించో అన్నీ ఎర్కే. ఒక్క ఇంట్ల ఉండి ఎర్క లేకుంటదా? కొడుకు ఏం తేల్చిండో తెల్సుకోవాలని ఆమెకు మటుకు ఉండదా? అయినా హనుమంతు భుజం పట్టి లేపింది. "నడువురా" అని బయటికి తీసుకపోయి, తలుపు దగ్గరికేసింది.

వినోద స్పీకర్ బంద్ చేసింది. ఫోన్ చెవికి ఒత్తి పెట్టుకున్నది.

"రెండు ఫోన్‌లు దగ్గర పెడ్తున్న భాభీ. ముందుగాల ఇనున్రి. తర్వాత ఏం చేయాలెనో మీరు చెప్పినట్టు చేస్త" అన్నడు సత్తార్.

గరగరమన్నది. గాలి చప్పుడు. ఎవలో దగ్గినట్టు.

అప్పుడే వాకిట్ల బాలలక్ష్మి ఏడుపు లేచింది. కబురొచ్చినకాడ్నుంచి ఇన్నిదినాలు కడుపుల కట్టేసుకున్నది ఒక్కసారి తెగింది. "ఓ కొడుకా! ఓ నా పర్శిగా! కాళ్లు చూద్దామనుకుంటి గద కొడుకా!" అని నేల బాదుకుంట ఏడుస్తున్నది. చుట్టుపక్కల తలుపులు తీస్తున్న చప్పుడైంది.

వినోద రెండో చెవి అరచేతితోని మూసుకున్నది.

అప్పుడినవడ్డది ఆయన గొంతు. దగ్గర్నే, పక్కన కూసున్నట్టే.

"వినోదా... కోపమేనా ఇంక? అవ్వ పక్కకున్నదా? ఉంటే జర స్పీకర్ పెట్టు. గీ మాట మీరిద్దరు కలిసి ఇనాలె."

వినోద లేచి తలుపు దిక్కు ఉరికింది. చేతుల ఫోన్ల ఆయన మాట నడుస్తనే ఉన్నది. ఆపుమని చెప్పే సందు లేదు. అడ్డం పడ్డ చాటల బీడీలు కాలికింద నలుగుతుంటే, "అత్తమ్మా! అత్తమ్మా!" అని ఒర్లుకుంట తలుపు గుంజింది. వాకిట్ల నిండిన ఏడుపుల ఆమె పిలుపు ఎవ్వలకు ఇనవడలే.